బసవన్న త్రాగు నీరు

శరణులారా! ఎద్దును బసవన్న యని పిలిచి మ్రొక్కు సంప్రదాయము మనది. పాదోదకమును అష్టావరణములలో చేర్చి నీటిని పూజ్యముగా నెంచిన ధర్మము మనది. అట్టి యింటి తొట్టిలో విషజల ముండదగునా?

అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. మందుల తయారీ లోకమునకు మేలే. అయినను పటాన్‌చెరు పాఠము మరువరాదు. అచ్చటి కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగులో కలిసి పొలములను, పశువులను బాధించినవి. 1990లో ఆ మొర సుప్రీంకోర్టునకు చేరినది. ఆ ప్రాంతపు నీటిలో ఆర్సెనిక్ వంటి విషములు బయటపడినవి.

సీసము, కాడ్మియము వంటి లోహములు నీట కరగియున్నపుడు కంటికి గాని ముక్కునకు గాని తెలియవు. కాచినను పోవు. పశువు కాలేయమున, మూత్రపిండములలో పేరుకొనును. సీసము పాలలోనికిని దిగును. ఆ పాలు పసిబిడ్డ త్రాగును.

వ్యర్థమును శుద్ధిచేయక విడువకుండుట కర్మాగారము నడుపువారి కాయకము. చెరువునీటిని, బోరునీటిని పరీక్ష చేయించి పశువునకు పెట్టుట గృహస్థుని దాసోహము. నోరులేని జీవము నీటిని నమ్మి వంగును. ఆ నమ్మకమును కాపాడనివాడు నందికి ఎన్ని ప్రదక్షిణములు చేసినను ఆ భక్తి సగమే.