కూర్చోండి అత్తయ్యగారూ!

ఎదుటి మనిషి చేతిలోంచి పని అందుకోవడం మన ఇళ్ళలో పెద్ద మర్యాద. చుట్టాలింట్లో కూర తరగబోతే "అయ్యో, మీరెందుకండీ, కూర్చోండి" అంటూ కత్తిపీట లాక్కుంటారు. పెద్దవాళ్ళు కాఫీ గ్లాసు కడగబోతే కోడలు పరుగెత్తుకొస్తుంది. అలా పరుగెత్తేది మంచి కోడలు. నేనూ మంచి కోడలిననే చాలాకాలం అనుకున్నాను. ఆ మంచితనంలో తిరకాసు ఉందని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది.

1986 జనవరిలో మా మామగారు పోయారు. కోనసీమలో ఇంటికి తాళం పెట్టి అత్తగారిని హైదరాబాదు తీసుకొచ్చేశాం. ఆవిడ పదమూడో ఏట ఆ ఇంట్లో అడుగుపెట్టారు. పాడి, వంట, నూర్పిళ్ళప్పుడు కూలీలకి అన్నాలు, వచ్చేపోయే చుట్టాలు. పగటిపూట నడుం వాల్చి ఎరగరు. అలాంటి మనిషిని ఇకనైనా సుఖపెట్టాలని నిజంగానే అనుకున్నాను. "ఇన్నాళ్ళూ చేసింది చాలదూ? మీరు కూర్చోండి అత్తయ్యగారూ!" అన్నాను.

"చింతపండు గింజలు తీసిపెట్టనా అమ్మాయ్?" అని అడిగేవారు.

"నేను తీసుకుంటాను లెండి."

"పోనీ బియ్యం ఏరనా?"

"కొట్టువాడే బాగుచేసి ఇస్తాడండీ. మీరు హాయిగా రేడియో వినండి."

పక్కవాటా వాళ్ళు "మీ అత్తగారు అదృష్టవంతురాలండీ" అన్నారు. చెప్పొద్దూ, ఆ మాట నా చెవికి ఇంపుగానే ఉండేది.

రానురానూ ఆవిడ అడగడం మానేశారు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. అన్నం సయించడం లేదనేవారు. ఒకరోజు "ఇవాళ ఏ వారమే?" అని అడిగారు. ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో పంచాంగం చూడకుండా చెప్పే మనిషి! మర్నాడూ అదే ప్రశ్న. డాక్టరు నాడి చూసి, నాలుక చూసి, జబ్బేమీ లేదు, వయసు అన్నాడు. ఒక టానిక్కు రాసిచ్చాడు.

మే నెల వచ్చింది. కింది వాటాలో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి మా గుమ్మంలో నిలబడి "పిన్నిగారూ, ఆవకాయలో ఆవపిండి ఎంత వెయ్యాలండీ?" అని అడిగింది. నాకేం తెలుసు? ఏటా జాడీడు ఆవకాయ ఊరినించి వచ్చేది, తినడమే గాని పెట్టి ఎరగను. నేను నీళ్ళు నములుతుంటే లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. "పిండి సంగతి తర్వాత, ముందు కాయలు చూపించు!"

అత్తగారు చెంగు బిగించి మెట్లు దిగారు. ఒక కాయ కోసి చూసి మొహం చిట్లించారు. "ఇవి ఆవకాయ కాయలటే? టెంక ముదరలేదు, పీచు లేదు, పులుపు లేదు. పప్పులో వేసుకో." ఆ పిల్ల మొగుణ్ణి అప్పటికప్పుడు మళ్ళీ బజారుకి తోలారు. జాడీ ఎండలో పెట్టించారు. ముక్క ముక్కా గుడ్డతో తుడిపించారు. "తడి చెయ్యి తగిలిందో, శ్రావణమాసానికి బూజే" అని కసిరారు. నాలుగు నెలల తర్వాత ఆ కసురు విని మా వారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను.

ఆ రాత్రి ఆవిడ మారు అన్నం వడ్డించుకున్నారు. పడుకోబోతూ, "ఇవాళ శుక్రవారం కదూ? మూడోనాడు ఆదివారమవుతుంది. తిరగ కలపడానికి నేనే వెళ్ళాలి, ఆ పిల్లకి చేతకాదు" అన్నారు.

ఆవిడకి వారం తెలిసింది!

చాలా ఏళ్ళ తర్వాత మరియెన్‌తాల్ అనే ఊరి గురించి చదివినప్పుడు నాకు ఆ ఆదివారమే గుర్తొచ్చింది. ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. ఊరంతా ఒక్క మిల్లు మీద బతికేది. ప్రపంచమంతా మాంద్యం కమ్మిన రోజుల్లో, 1930 నాటికి అది మూతపడింది. మరీ యహోదా అనే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, ఆమె సహచరులు కలిసి 1931లో ఆ ఊరివాళ్ళ జీవితాన్ని దగ్గర్నించి పరిశీలించారు. 1933లో దాన్ని పుస్తకంగా వేశారు.

పని లేకపోతే బోలెడు తీరిక దొరుకుతుంది కదా, జనం తెగ చదివి ఉంటారనుకుంటాం. చదవలేదు. గ్రంథాలయం రుసుము ఎత్తేసినా, జనం తీసుకెళ్ళే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. వీధిలో మగవాళ్ళ నడక మందగించింది, మాటిమాటికీ ఆగిపోయేవారు. పొద్దుట్నించి ఏం చేశారో రాయమంటే రాయడానికేమీ తోచేది కాదు. జీతం ఒక్కటే కాదు, పని మనిషికి మరికొన్ని ఇస్తుందని యహోదా తర్వాతి రోజుల్లో వివరించింది. రోజుకి ఒక క్రమం, ఇంటి బయట నలుగురితో కలయిక, తనకంటే పెద్దదైన ప్రయోజనంలో పాలు, ఫలానా అనిపించుకునే గుర్తింపు, ఊరికే ఉండనివ్వని కదలిక. మా అత్తగారి చేతిలోంచి చింతపండు లాక్కున్నప్పుడు నేను వీటన్నిటినీ లాక్కున్నానన్నమాట.

ఇక్కడ మీరు నన్ను అడ్డుకుంటారని తెలుసు. "పని గొప్పదని మాకా చెబుతున్నారు? పొద్దున లేచింది మొదలు చేస్తున్నది మేమేగా!" నిజమే. ఆ ఊళ్ళోనూ ఆడవాళ్ళ నడక తగ్గలేదట. మిల్లు మూసినా పొయ్యి మూతపడదు కదా! మన దేశంలో 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళని మాత్రమే లెక్కవేస్తే, ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 2024లో మళ్ళీ లెక్కిస్తే 289, 88. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి, మహానుభావులు!

కాబట్టి ఎంత పని చేస్తే అంత ఎదుగుతామని నేననను. అలాగైతే మన అమ్మమ్మలు ఆకాశమంత ఎదిగి ఉండాలి. ఇంకో సంగతి చూడండి. మరియెన్‌తాల్ ఆడవాళ్ళు, మిల్లు ఉన్నప్పుడు అక్కడా ఇంట్లోనూ రెండు చాకిరీలు చేసినవాళ్ళే, డబ్బు కోసమే కాకుండా ఆ మిల్లు మళ్ళీ తెరిస్తే బాగుండునని కోరుకున్నారు. నాలుగు గోడల మధ్య పనికీ, నలుగురిలో పనికీ తేడా వాళ్ళకి తెలుసు. నేను బళ్ళో పాఠం చెప్పి అలిసిపోయి ఇంటికొచ్చి అంట్లు తోమేటప్పుడు నాకూ తెలిసేది. రెండూ శ్రమే. ఒకదాంట్లో నా తెలివి ఉంది, నాకోసం ఎదురుచూసే పిల్లలున్నారు. రెండోదాంట్లో, చెయ్యకపోతేనే ఎవరికైనా కనబడేది. మన తెలివికి చోటుండి, మనం చేస్తున్నామని ఒకరికి తెలిసే పని మనిషిని నిలబెడుతుంది. అవి రెండూ లేనిది చాకిరీ. దాన్ని పంచుకోవాల్సిందే.

ఇంతకీ నేను ఒప్పుకుంటానన్న తిరకాసు చెప్పలేదు కదూ! అత్తగారిని వంటింట్లోకి రానివ్వనిది కేవలం ప్రేమతో కాదు. ఆవిడ వస్తే ఆ వంటిల్లు ఆవిడదైపోతుందని నా భయం. డబ్బాలు ఎక్కడుండాలో ఆవిడ చెబుతారు, ఉప్పు ఎక్కువైందంటారు. "కూర్చోండి" అన్న మర్యాదలో "ఇది నా రాజ్యం" అన్న మాట దాక్కుంది. పక్కవాటా వాళ్ళకి అది వినబడలేదు. మా అత్తగారికి వినబడే ఉంటుంది.

ఆ వేసవి తర్వాత ఆవిడకి కొన్ని పనులు వదిలేశాను. అందులో ఒకటి రాత్రి పాలు తోడుపెట్టడం. చలికాలం గోరువెచ్చగా, ఎండాకాలం చల్లార్చి, చెంచాడు మజ్జిగ. తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు మా ఇంట్లో పెరుగు తోడుకోకపోవడం నేను చూడలేదు.

1995 జనవరిలో ఆవిడ పోయారు. పదమూడోనాడు చుట్టాలందరూ వెళ్ళిపోయాక పాలు కాచి, మూత పెట్టి, పడుకున్నాను. తెల్లారి మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. తోడు పెట్టేవాళ్ళు లేరని నాకు అప్పుడు తెలిసింది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

2010లో మా వారు రిటైరయ్యారు. పదిహేను రోజులు పేపరు చదివాక వంటింటి గుమ్మంలో నిలబడి "నేనేమన్నా చెయ్యనా?" అన్నారు. "మీరు కూర్చోండి" అనబోయి నాలుక కరుచుకున్నాను. పాలగిన్నె ఆయన చేతిలో పెట్టాను.

ఇప్పటికీ మా ఇంట్లో తోడుపెట్టేది ఆయనే. ఒక్కోరోజు పుల్లబడుతుంది, ఒక్కోరోజు సరిగా తోడుకోదు. నేను లేచి సరిచెయ్యను.