విత్తనాల మూట

దోమలగూడలో మా పొరుగింటి పెద్దావిడ పొద్దున్నే బియ్యంలో రాళ్లు ఏరుతూ తన తల్లి సంగతులు చెబుతుంటారు.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక, కాలువ నీళ్లను నమ్ముకొని కోస్తా రైతులు నిజామాబాద్ వైపు తరలివచ్చారు. బోధన్, వర్ని చుట్టుపక్కల వాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. భర్త పోయిన ఆ తల్లి ముగ్గురు పిల్లలతో, చంకలో విత్తనాల మూటతో అక్కడ దిగింది. తుప్పలు కొట్టించింది, గట్లు పోయించింది. అలాంటి తల్లుల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనబడవు. ఉండాల్సిందని నా మనసుకు గట్టిగా అనిపిస్తుంది.

"మగదిక్కు లేని సేద్యమా?" అన్నవాళ్లకు ఆమె బదులు చెప్పలేదట. పొద్దుగూకేదాకా వంచిన నడుము ఎత్తకుండా నాట్లు వేసిందట.

ఆ మాట దగ్గరికి రాగానే పెద్దావిడ చేట కింద పెట్టేస్తారు.