స్వామికి చోటిచ్చిన స్వామి

తిరుమల యాత్రికులు మొదట వరాహస్వామిని సేవించి, పిదప శ్రీనివాసుని దర్శింతురు. ఈ ఆచారమునకు మూలమైన పురాణగాథ ఇంటింట తెలిసినదే. అయినను అందలి ఒక భాగముపై మనస్సు అంతగా నిలువదు.

భృగుమహర్షి చేసిన అపచారమునకు లక్ష్మీదేవి అలిగి వెడలిపోగా శ్రీహరి వైకుంఠమున ఉండలేకపోయెను. ఆకలిదప్పులు మఱచి, కొండకోనల దిరిగి, తుదకొక పుట్టలో తలదాచుకొనెను. పశువుల కాపరి విసరిన గొడ్డలి తలకు దగిలెను. సకలలోకములకు నివాసమైనవాడు గాయపడిన తలతో నిలువ నీడ లేక నిలిచెను. అప్పుడాయనకు దొరకినవి బృహస్పతి చెప్పిన మందు, వరాహస్వామి ఇచ్చిన చోటు, వకుళమాత చేసిన సేవ. మందొక్కటే చాలినచో కథ పుట్ట వద్దనే ముగిసియుండెడిది. చోటు అడుగునాటికి స్వామి చేత రొక్కము లేదు. కుబేరుని అప్పు తరువాతి మాట. ప్రథమ దర్శనము, ప్రథమ నైవేద్యము నీకే అను మాటపైననే వరాహస్వామి స్థలమిచ్చెను.

హైదరాబాదు జూబిలీహిల్స్‌లో నేడు ఆ శ్రీనివాసునకు తిరుమల తిరుపతి దేవస్థానము వారి ఆలయమున్నది. సమీపమున ఫిలింనగర్‌లో దైవసన్నిధానము కలదు. చిత్రపరిశ్రమ మద్రాసు నుండి తరలివచ్చిన పిదప ఈ రాళ్లగుట్టలు మేడలతో నిండినవి. వేషము దొరకునన్న ఆశతో ఊరు విడిచి వచ్చువారు నేటికిని కృష్ణానగర్ ఇరుకు గదులలో దిగుచుందురు. సినిమా వలననే మతి చలించునని చెప్పుట సరికాదు. ఆ వ్యాధి ఏ ఇంటనైనను పుట్టును. కాని ఇంటనున్నవానికి వ్యాధి వచ్చినచో తల్లి గుర్తించును. అద్దెగదిలో ఒంటరిగా నున్నవానికి వచ్చినచో ముందు పని పోవును, పిదప గది పోవును, ఆపై పేరు కూడ పోయి ‘పిచ్చివాడు’ అను మాట మిగులును.

అట్టివాడు కోవెల వీధిలో కనబడినపుడు ప్రసాదపు పొట్లమును దూరము నుండి పెట్టి పోవుట వాడుక. ఆకలి తీర్చుట పుణ్యమే, సందేహము లేదు. కాని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అంతకు మించిన దారి చూపినది. తన్ను తాను చూచుకొనలేక తిరుగు రోగిని పోలీసులు రక్షణలోనికి తీసికొని, 24 గంటలలోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. లాకప్పులో ఉంచరాదు. ఇల్లు లేనివాడైనచో తప్పిపోయిన మనిషిగా కేసు వ్రాసి, బంధువులను వెదకవలెను. ఇది దయ కాదు, విధి. ఠాణాలో చెప్పుటకు భక్తునకు కావలసినది కొంత ఓపిక మాత్రమే. రాత్రింబగళ్లు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. ఈ టెలీ మానస్ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది.

వైద్యశాల దూరము కాదు. జూబిలీహిల్స్ శాసనసభా నియోజకవర్గములోనిదే ఎఱ్ఱగడ్డ. అక్కడి మానసిక చికిత్సాలయము జాల్నా నుండి 1953లో తరలివచ్చినది. అసలు చిక్కు మందు పనిచేసిన తరువాత మొదలగును. కుటుంబము లేదనియో, కుటుంబము ఒల్లదనియో, ఇల్లు లేదనియో ఎవరినీ చికిత్సాలయమున నిలిపి ఉంచరాదని అదే చట్టము పలుకుచున్నది. మంచి మాటయే. బయటకు వచ్చినవాడు పోవుటెచ్చటికి? నగరపాలక సంస్థ వారి ఆశ్రయములు రాత్రికి పడక ఇచ్చును. మాత్ర వేసికొంటివా అని అడుగువారు కూడ ఉండవలెను. చోటు పేరున గొలుసు దొరకుటయు కలదు. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమమున నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన రోగులు కదలలేక 28 మంది కాలిపోయిరి. ఇప్పుడు గొలుసు వేయుట చట్టమున నిషిద్ధము. ఇంటనైనను, మ్రొక్కుబడి స్థలమునైనను కూడని పని.

తెలుగు చిత్రసీమకు పూర్వపు నివాసమైన చెన్నపట్టణముననే మఱొక దారియు తెఱచుకొన్నది. 1993లో ఇద్దరు యువతులు వీధిపాలైన స్త్రీరోగుల కొరకు ‘బన్యన్’ అను సంస్థ నెలకొల్పిరి. 2015 నుండి ఆ సంస్థవారు, కోలుకొని ఇంటికి పోలేనివారిని నలుగురైదుగురిగా మామూలు వీధులలోని అద్దె ఇండ్లలో కాపురముంచుచున్నారు. వంట వారిదే, కూరగాయల బేరము వారిదే. సాయమునకు ఒక మనిషి తోడుండును. వకుళమాత పని అదియే.

జూబిలీహిల్స్‌లో అంత అద్దె ఎవరు భరింతురని అందురు. కొండమీది మేడలే కానక్కరలేదు. యూసుఫ్‌గూడ, బోరబండ, ఎఱ్ఱగడ్డ వీధులలో రెండు గదుల వాటాలు కలవు. అద్దె పోగుచేయుట సులభము. ఒక భక్తసమాజము తలచిన చాలును. కష్టమెల్ల ఇంటి యజమానిని ఒప్పించుటలోనే కలదు. ఇట్టివారా, మా పిల్లలున్నారు, ఇరుగుపొరుగు ఏమందురు అని ఆయన అడుగును. ఆ ప్రశ్నకు కోపగింపక, ప్రక్క వాటాలో తాముందుమనియో, నెలనెల మందులు తాము తెత్తుమనియో చెప్పగలవారు ఆ వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఉండవలెను.