కింది అంతస్తు నిప్పు, పై అంతస్తు తలరాత

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్ దుకాణాలు తగలబడ్డాయి. తెల్లారేసరికి అందరి నోటా వినిపించిన కారణం షార్ట్ సర్క్యూట్. ప్రాణనష్టం జరగలేదు, అంతే చాలనుకున్నాం. మన హైదరాబాద్‌లో ఎక్కడ మంటలు లేచినా ఆరా దాదాపు ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. 'వాళ్ల రాత అలా ఉంది' అన్నాక ఇక ఎవరూ ఏమీ అడగనట్టే. కానీ షార్ట్ సర్క్యూట్ పిడుగులా ఊడిపడేది కాదు. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి, దానికి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, 1500 వాట్ల కెటిల్ కలిపి తగిలిస్తే దాదాపు 11 ఆంపియర్లు లాగుతాయి. తీగ మీది తొడుగు రోజూ కాస్త కాస్త పెళుసెక్కి ఒకనాడు పగులుతుంది. ఆ ఒక్కనాడు విధిదే అనుకుందాం. అంతకుముందు రోజులన్నీ ఎవరివి?

మహాభారతం ఆనుశాసనిక పర్వంలో గౌతమి కథ ఉంది. ఆమె కొడుకు పాము కరిచి చనిపోతాడు. వేటగాడు పామును పట్టి తెస్తే, తప్పు నాది కాదు, మృత్యువు పంపితే వచ్చానంటుంది పాము. నన్ను కాలుడు పంపాడంటుంది మృత్యువు. ఆ బాలుడి కర్మే కారణమంటాడు కాలుడు. గౌతమి పామును వదిలేయమంటుంది. మన ప్రమాదాల తర్వాత నడిచేదీ ఇదే వరస: ఇంటి ఓనరు ఎలక్ట్రీషియన్‌ను, అతను తీగను, తీగ అమ్మినవాడు వాడుకున్నవాళ్లను చూపిస్తారు. అయితే ఈ కథను భీష్ముడు ఎవరికి చెప్పాడు? యుద్ధం అయిపోయాక శోకంలో మునిగిన ధర్మరాజుకు. అది దుఃఖం దిగమింగుకోవడానికి ఇచ్చిన ఆసరా. కొడుకును పోగొట్టుకున్న తల్లికి కర్మ అనుకునే హక్కుంది, పాముకు లేదు. అదే పర్వం కాస్త ముందుకెళ్లి, దైవం విత్తనమైతే పురుష ప్రయత్నం పొలమనీ, పొలం లేని విత్తు పండదనీ చెబుతుంది. ఆ భాగాన్ని మనం అంతగా తలుచుకోం.

నా ఇల్లు, నా ప్రాణం, నా రాత అనేవాళ్లుంటారు. ఊరవతల ఒంటరి కుటీరంలో ఉండే వైరాగికైతే ఆ మాట చెల్లుతుందేమో. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న ఫ్లాట్ల కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుంటే పోయినవి పై అంతస్తుల్లోని ప్రాణాలు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో పొగ మెట్ల గుండా పైకెక్కి 8 మంది చనిపోయారు. పైన పడుకున్నవాళ్ల నుదుటి రాతను కింద సామాను పెట్టినవాళ్లు రాశారు. ఒకే గోడ, ఒకే మెట్లు పంచుకునే చోట విధి అని మనం చేతులెత్తేసేది చాలావరకు పక్కవాడి నిర్ణయమే.

పేదవాడు ఏం చేస్తాడన్న అభ్యంతరం మాత్రం బరువైనదే. అద్దెకున్నవాడు వైరింగ్ మార్చలేడు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఛార్జర్ కొనేవాడికి ధర కనిపిస్తుంది గానీ, లోపల 230 వోల్టుల వైపునూ ఫోను వైపునూ విడదీసే ఎడం ఎంతుందో కనిపించదు. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి ఎర్త్ పిన్ను మిగతావాటికన్నా పొడుగు, ముందుగా తగిలేది అదే. దాన్ని విరిచి రెండు రంధ్రాల్లో ఇరికించేవాళ్లున్నారు. ప్లగ్గే లేకపోతే తీగలు ఒలిచి దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తారు (నిప్పు పుల్లతోనే కరెంటుకు చీల!). ఇందులో సోమరితనం కొంత, లేమి ఎక్కువ. అందుకే తప్పును సమానంగా పంచలేం. ఎంత తెలుసో, ఎంత మార్చగలరో దాన్నిబట్టి బాధ్యత పెరగాలి. బీఐఎస్ గుర్తు లేని సరుకు తెచ్చి అమ్మే వ్యాపారిది, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ పెట్టించని ఓనరుదే పెద్దవాటా.

ఇంత జాగ్రత్త దేవుడి మీద నమ్మకం లేకపోవడమే కదా అని భక్తులు అడగవచ్చు. నాంపల్లి యూసుఫైన్ దర్గాకు మొక్కుకునేవాళ్లు నమ్మే సంప్రదాయంలోనే, ఒంటెను కట్టేసి ఆపైన దేవుణ్ని నమ్ముకోమన్న ప్రవక్త మాట ఉంది. పడుకునే ముందు ఇంట్లో దీపాలార్పమన్న మాటా ఉంది. గీత వదులుకోమన్నది ఫలం మీది ఆశను, పనిని కాదు. ఎంత జాగ్రత్తపడ్డా ప్రమాదం జరగవచ్చు, నిజమే. అప్పుడు విధి అనుకోవడంలో తప్పు లేదు. మెట్ల కింద స్కూటర్ బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలి దణ్ణం పెట్టుకుని పడుకునేవాడికి మాత్రం ఆ మాట వర్తించదు. పైవాళ్లు దిగిరావడానికి ఉన్నవి ఆ మెట్లేనని అతనికి తెలుసు.