ముందు నువ్వే పలకరించు

నాయనా, సెలవుల్లో నలుగురు స్నేహితులూ కలిసి భూటాన్ పోతున్నారని మీ అమ్మ చెప్పింది. అక్కడి జనం కలుపుగోలు మనుషులని, ఎప్పుడూ నవ్వుతూ ఉంటారని విన్నారట. పోండి, సంతోషం. మనవాళ్లకి పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డుంటే రానిస్తారు, రాత్రికి 1,200 రూపాయల రుసుము మాత్రం కట్టాలి. అయితే గూడూరులో రైలెక్కే ముందు ఈ తాత మాట కాస్త చెవిన వేసుకో.

ఏటా వచ్చే సంతోష దేశాల జాబితా చూసి ఊరు ఎంచుకోవద్దు. 2018 నుంచి 2025 దాకా వరసగా ఫిన్లాండ్‌దే మొదటి స్థానం. ఆ లెక్క కోసం జనాన్ని అడిగేదల్లా, సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన మీద నీ బతుకు ఎన్నో మెట్టున ఉందీ అని. అది వాళ్ల బతుకు మీద వాళ్లకున్న తృప్తి. బస్సు దిగిన కొత్తవాణ్ణి ఎవరు ఆదరిస్తారో అందులో తేలదు.

ఆదరించే జనాన్ని చూడాలంటే మొహర్రంలో నెల్లూరు పో. ఇక్కణ్ణించి గంట ప్రయాణం కూడా లేదు. బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో తలమీద కొంగు కప్పుకుని, చేత రొట్టె పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంటుంది. ‘ఆరోగ్యం రొట్టె, ఆరోగ్యం రొట్టె’ అని కేకేస్తుంటుంది. పోయినేడు అదే నీళ్లలో ఎవరి దగ్గరో ఆ రొట్టె పట్టుకుంది. ఇంట్లో మనిషికి నయమైంది. ఇప్పుడు వదలడానికొచ్చింది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, ఏ కోరికకి ఆ రొట్టె. పట్టుకునేవాడిది ఏ మతమో ఏ ఊరో ఎవరూ అడగరు. కోరిక తీరినవాళ్లు ఇంకా తీరనివాళ్లని వెతుక్కుంటూ రావడం! ఇంతకు మించిన స్నేహం నేనెక్కడా వినలేదు. గట్టు మీద నిలబడి ఫొటోలు తీసుకుంటే నీకు దక్కేది శూన్యం. నీళ్లలోకి దిగు, నీకేం కావాలో నోరు తెరిచి అడుగు. అడిగేవాడు ఎదురొస్తేనే ఇచ్చేవాళ్ల ముఖం వెలుగుతుంది.

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టులోనూ అంతే. ప్రభుత్వం దాన్ని పక్షుల అభయారణ్యం చేసింది 1976లో. గూడబాతుల్ని ఆ ఊరివాళ్లు అంతకు ముందునుంచే కాచుకుంటున్నారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాళ్లకి తెలుసు. అక్టోబరు దాటాక పో. గూళ్లు చూసి అటునుంచటే వచ్చేయకుండా, ఈ ఏడు పక్షులెప్పుడు దిగాయని ఊళ్లో ఒక పెద్దాయన్ని అడుగు. ఆడపిల్లలు పుట్టింటికొచ్చిన సంగతి చెప్పినట్టు చెబుతాడు.

తూపిలిపాళెం వెళితే మాత్రం పడవలు ఒడ్డుకు చేరే వేళ మాటలు పెట్టుకోకు. చేపలు ఎండకు ఆగవు, బేరగాళ్లూ ఆగరు. వలలు బాగుచేసుకుంటున్నప్పుడు పోయి పక్కన కూర్చో, వాళ్లే మాట కలుపుతారు. ఎవరైనా ముక్తసరిగా మాట్లాడితే ఊరిని తప్పుపట్టకు. పొద్దున్నుంచి ఒళ్లు వంచి పనిచేసిన మనిషి దగ్గర నవ్వు కోసం కాచుకోవడం మర్యాద కాదు.

భూటాన్‌లోనూ ఇట్లాగే మసలుకోండి. దేశానికి సంపద కన్నా జనం సంతోషం ముఖ్యమని 1970లలోనే అన్నాడు అక్కడి అప్పటి రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్. అంతమాత్రాన దారిన పోయే ప్రతి మనిషీ మీకోసం నవ్వాలని లేదు. ‘కుజుజాంగ్‌పో లా’ అని ముందు మీరే పలకరించండి. నోరు మంచిదైతే ఊరు మంచిదని మీ అమ్మమ్మ ఊరికే అనదు. పెట్టింది తినండి. వాళ్ల ఎమ దత్షి అంతా పచ్చిమిరపకాయలూ జున్నే, మన నెల్లూరు నోటికి అదొక కారమా! అడిగి ఫొటో తియ్యండి. పంపిస్తానన్నాక తప్పకుండా పంపించండి.

వాళ్లల్లో ఎవరైనా మనవైపు వస్తామంటే స్టేషన్‌కి నువ్వే ఎదురెళ్లు. ఎండన పడి వచ్చినవాళ్లకి మన గూడూరు నిమ్మకాయలు పిండి నీళ్లిద్దాం. చేపల పులుసులోకి మామిడికాయ నేను తెస్తాను, పడకలు మేడ మీద వేయిస్తాను.