మౌనం అబద్ధమవుతుందా?

మన తండాల్లో, గూడేల్లో పెద్దలు నేర్పిన మొదటి నీతి ఉన్నది ఉన్నట్టు చెప్పమని. నాయక్, కార్‌భారి కూర్చున్న పంచాయితీలో తప్పు చేసినవాడు లేచి ఒప్పుకుంటే దండుగ తగ్గుతుంది, కూర్చున్నవాళ్ల మనసూ కరుగుతుంది. నోరు విప్పనివాణ్ని మాత్రం అనుమానంగా చూస్తాం. ఈ నీతిలో పెరిగిన మన పిల్లవాడికి ఏ ఎన్ఐఏ నుంచో, సీబీఐ నుంచో, ఈడీ నుంచో నోటీసు వచ్చిందనుకుందాం. వకీలును అడగకుండా మాట్లాడకని ఎవరైనా చెబితే అతనికి అది దొంగబుద్ధిలాగే వినిపిస్తుంది. తప్పు చేయకపోతే వకీలెందుకని ఊళ్లో మనవాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. అది మన విలువల్లోంచి వచ్చింది.

పంచాయితీలో మనల్ని అడిగేదెవరు? రేపు మన ఇంటి పెండ్లికి వచ్చేవాడు, మన పాడె మోసేవాడు. అడిగేది మన భాషలో. ఒప్పుకున్నవాణ్ని మళ్లీ కలుపుకోవడానికే అడుగుతాడు. (మన పంచాయితీలూ ఆడవాళ్ల నోరు నొక్కిన రోజులున్నాయి. దాని మీద వేరే వ్యాసమే రాయాలి.) దర్యాప్తు అధికారి పని వేరు. ఆయన చెడ్డవాడని మేము అనడం లేదు. ఆయన కేసు కట్టాలి, మన మాటను తన భాషలో కాగితం మీదికి ఎక్కించాలి. ఆయన తీర్పరి కాదు. తీర్పరి ముందు చెప్పాల్సిన మాటను నాలుగు గోడల మధ్య, భయంలో, ఒంటరిగా చెప్పకపోవడం అబద్ధం కాదు. అబద్ధమంటే లేనిది చెప్పడం. ఆ హక్కు ఏ చట్టమూ ఎవరికీ ఇవ్వలేదు.

మనకు మనమే వ్యతిరేక సాక్షిగా నిలబడాలని బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతుంది. ఆ మాట పోలీసులు ప్రశ్నించే గదిలోనూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది 1978 ఏప్రిల్‌లో, నందినీ సత్పతి కేసులో. ఆమె ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి. పోలీసులు ఇచ్చిన ప్రశ్నల చిట్టాకు జవాబివ్వనన్నందుకు ఆమె మీద కేసు పెట్టారు. ప్రశ్నించేటప్పుడు వకీలు దగ్గర ఉండటానికి అభ్యంతరం ఉండకూడదని కూడా జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం అన్నది.

అదే ఏడాది మన దగ్గర ఏం జరిగిందో జగిత్యాల పిల్లలకు తెలియాలి. సెప్టెంబరు 7న వేలాది కూలీలు, పేద రైతులు వెట్టికీ దొరతనానికీ వ్యతిరేకంగా జగిత్యాలలో కదిలారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటున్నాం. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ 1948 చట్టం కింద, శాంతిభద్రతలకు అవసరమని తాననుకుంటే ఎస్సై స్థాయి అధికారి హెచ్చరించి కాల్పులు జరపవచ్చు. ఒక మాజీ ముఖ్యమంత్రి మౌనానికి ఢిల్లీలో రక్షణ దొరికిన ఆరునెలలకే, ఇక్కడి పల్లెల్లో మనిషి ప్రాణం ఒక ఎస్సై అభిప్రాయం మీద ఆధారపడింది. హక్కు పుస్తకంలో ఉండటానికీ గుడిసె దాకా రావడానికీ మధ్య దూరం అంత.

అయితే ఈ హక్కుకు ఒక అంచు ఉంది. అది మనల్ని మనం కాపాడుకోవడానికే, ఇంకొకరి తప్పును దాచడానికి కాదు. కేసు గురించి తెలిసినవాడు అడిగిన ప్రశ్నలకు నిజమే చెప్పాలని, తనను నేరంలో ఇరికించే ప్రశ్నలకు మాత్రం మినహాయింపు ఉందని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 180వ సెక్షన్ అంటుంది.

ఈ అంచు ఎక్కడ పదునుగా తెగుతుందో చూడండి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నుంచి పొట్టకూటికి దేశాలు పోవడం మనకు కొత్త కాదు. ఈమధ్య ఏజెంట్లు కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి కంబోడియా, లావోస్ పంపి, అక్కడ బంధించి, సైబర్ మోసాలు చేయించారు. సిరిసిల్ల జిల్లా యువకుడూ అలా చిక్కాడు. ఇలాంటి కేసుల్లో ఎన్ఐఏ 2024లో పలు రాష్ట్రాల్లో సోదాలు చేసింది. అక్కడి నుంచి బయటపడి వచ్చిన అబ్బాయి బాధితుడు. కానీ కొట్టి చేయించినా, ఎవరో ముసలాయన దాచుకున్న డబ్బును ఫోన్లో దోచింది అతని గొంతే. ఏజెంటు పేరు చెప్పకపోతే రేపు ఇంకో తండా పిల్లవాడు విమానమెక్కుతాడు. అన్నీ చెబితే తన మెడకే చుట్టుకోవచ్చు. మా అభిప్రాయంలో అతను మాట్లాడాలి. కానీ ముందు వకీలుతో కూర్చొని, ఏది సాక్ష్యమో, ఏది తనమీద తాను వేసుకునే ఉచ్చో తెలుసుకున్నాకే మాట్లాడాలి.

అడిగేది ఎవరన్నదీ ముఖ్యమే. ఎన్ఐఏ అధికారికి పోలీసు అధికారాలే ఉంటాయి. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టించకూడదు, వాళ్ల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో రుజువుగా నిలవదు. ఈడీ సంగతి అలా కాదు. వాళ్లు పోలీసులు కారని 2022 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ సంతకం చేసిన మాటను మన మీదే వాడుకోవచ్చు. చదవలేని కాగితం మీద సంతకం ఎక్కడా పెట్టొద్దు.

అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని ఉపా కేసుల విషయంలో 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరులో దాన్ని అన్ని నేరాలకూ విస్తరించి, మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది. గోండి, లంబాడీ మాట్లాడే మన ముసలివాళ్లకు ఈ ఒక్క వాక్యం ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. ఇక వకీలు ఖర్చంటారా, 1987 న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. 15100కు ఫోన్ చేయవచ్చు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. అది దయ కాదు, మన వాటా.

ఆశ్రమ పాఠశాలల్లో సెలవు చీటీ రాయడం నేర్పుతున్నాం. పంతుళ్లను మేము అడిగేది ఇంకొక్క పీరియడ్. పదో తరగతి పిల్లల ముందు ఒక నమూనా నోటీసు పెట్టి, ఎవరు పంపారు, ఏ సెక్షన్ కింద, సాక్షిగా పిలిచారా నిందితుడిగానా, ఏ తేదీకి రమ్మన్నారు అని వాళ్లతోనే చదివించండి. ఆ సాయంత్రం వాళ్లు ఇంటికెళ్లి, వకీలెందుకని అడిగే తాతకు తమ మాటల్లో జవాబు చెప్పి రమ్మనండి.