ఐగుప్తు రాజైన సో

కొన్ని సంవత్సరముల క్రిందట సూరతులోని తెలుగు విశ్వాసుల కూటములకు వెళ్లితిని. మరమగ్గములపై బ్రదుకుచున్న తెలంగాణ కుటుంబములు అక్కడ అనేకము గలవు. వారిలో ఇద్దరు సహోదరులు ఒక మధ్యాహ్నము నన్ను సువాలి సముద్రతీరమునకు తీసికొనిపోయి, గుమ్మటము గల ఒక పాత కట్టడమును చూపిరి. అది టామ్ కోర్యాట్ అను ఆంగ్ల యాత్రికుని సమాధియని ప్రసిద్ధి. అలెప్పో నుండి అజ్మీరు వరకు కాలినడకను వచ్చిన ఆ మనుష్యుడు 1617 డిసెంబరులో సూరతులో మరణించెను. అయితే ఆయన నెరిగిన ఎడ్వర్డ్ టెర్రీ అను పాదిరి, తన దేశపు దేవాలయ ఆవరణములలో కట్టునట్టి చిన్న సమాధి క్రిందనే ఆయన పాతిపెట్టబడెనని వ్రాసియున్నాడు. మహమ్మదీయుల పద్ధతిని లేచిన ఈ గుమ్మటము ఆ మాటకు సరిపడదు.

"మరి ఇందులో ఉన్నది ఎవరండీ, అయ్యగారూ?" అని వారిలో చిన్నవాడు అడిగెను. చెప్పలేనంటిని. తిరిగి వచ్చుచుండగా అతడే మరియొక ప్రశ్న వేసెను. ఆ ఉదయము మేము రాజుల రెండవ గ్రంథము 17వ అధ్యాయము చదివియుంటిమి.

"హోషేయ దూతలను పంపిన ఆ సో అనే రాజు ఎవరండీ? అది బైబిలులోనిది గదా, తెలియకుండా ఉంటుందా?"

ఆ మాట నాకు గ్రుచ్చుకొనెను. ఏలయనగా ఒకప్పుడు నేనును అట్లే తలంచితిని.

సో అను పేరు హెబ్రీలో మూడక్షరములు. మన తెలుగులో ఒక్కటే. పరిశుద్ధ గ్రంథమంతటిలో అది ఒక్కసారియే కనబడును. ఐగుప్తు శాసనములలో ఆ పేరుగల ఫరో ఒక్కడును లేడు. క్రీ.పూ. 725 ప్రాంతమున ఆ దేశమును ఒక్క రాజు గాక పలువురు పంచుకొని యేలుచుండిరి. అందుచేత చిక్కు మరింత ముడివడినది.

నా యౌవనమున ఒక పాత వ్యాఖ్యానములో దీనికి జవాబు దొరికెను. అష్షూరు రాజైన సర్గోను శాసనములో సిబె అనువాడు కలడనియు, అతడు గాజా రాజునకు సహాయముగా వచ్చి క్రీ.పూ. 720లో రఫియాయొద్ద ఓడిపోయెననియు, అతడే మన సో అనియు అందులో ఉండెను. ఇక నా సంతోషము చెప్పనలవి కాదు. రాళ్లే సాక్ష్యమిచ్చినవని ఒక సంఘములో ప్రసంగించితిని. తరువాత పరిశోధన చేయుచుండగా తెలిసినదేమనగా, 1960లోనే బోర్గర్ అను పండితుడు ఆ పేరును సరిగా చదివి చూపెను. ఆ మేకు లిపిలో ఒకే గురుతుకు రెండు ఉచ్చారణలు గలవు. అది సిబె కాదు, రెయె. సో అను పేరుతో దానికి పోలికయే లేకపోయెను.

అక్షరమును తప్పుగా చదివినది నేను కాను. ఆ పొరపాటునకు నన్ను క్షమించుకొనగలను. అయితే ఆ వ్యాఖ్యానములోనే సిబె సేనాధిపతియని వ్రాయబడియుండెను, రాజని కాదు. ఆ మాటను నేను చూచితిని. చూచి, ప్రసంగములో దాటిపోతిని. ఆ సంఘమునకు తిరిగి వెళ్లి దిద్దుకొంటినా? అదియు లేదు. యోబు తన స్నేహితులను, దేవుని పక్షముగా అన్యాయపు మాటలాడుదురా అని నిలదీసిన 13వ అధ్యాయమును ఎన్నిసార్లు బోధించితినో! దేవునికి నా సహాయము అవసరమని తలంచితిని కాబోలు. లేక, ఒక పేరు తెలియకపోయినంతమాత్రాన తొట్రిల్లు విశ్వాసము నాదే అయియుండవచ్చును.

ఇప్పుడు పండితులయెదుట ముఖ్యముగా రెండు త్రోవలున్నవి. సోయనునుండి యేలిన నాలుగవ ఒసోర్కోను పేరును కుదించి సో అనిరని కొందరందురు. క్రీ.పూ. 716లో సర్గోనుకు 12 గుఱ్ఱములను కానుకగా పంపిన షిల్కాన్ని ఇతడేయని వారి తలంపు. సో అనగా రాజు కాదు, సాయిస్ పట్టణమనియు, అక్కడి రాజు తెఫ్నఖ్తు అనియు 1963లో గొయెడికె వాదించెను. అట్లు చదువుటకు హెబ్రీ వాక్యములో ఒక చిన్న పదము చేర్చవలెను. తర్జుమా చేయువాడనై లేని పదమును చేర్చుటకు నా చెయ్యి ఆడదు. అందుచేత నేను ఒసోర్కోను వైపే మొగ్గుదును. ప్రాచీన గ్రీకు తర్జుమాలోనైతే సేగోర్ అని యున్నది. వారికిని ఈ పేరు కొరుకుడు పడలేదేమో.

మూలవాక్యములో సో అనియే యుంచి, రెండవ త్రోవను అడుగున సూచించుటకంటె ఎక్కువ చేయుటకు నాకు అధికారము లేదు. హోషేయ పన్ను కట్టుట మానుకొనెను, షల్మనేసెరు అతనిని బంధించెను, క్రీ.పూ. 722లో షోమ్రోను పడిపోయెను. సో ఎవరైనను ఇవి మారవు. ఐగుప్తునుండి సహాయము వచ్చినట్లు ఆ అధ్యాయములో ఒక్క మాటయు లేదు.

ఇదంతయు ఆ చిన్నవానికి చెప్పితిని, నా పాత ప్రసంగపు సంగతియు దాచలేదు. అతడు చాలసేపు కిటికీలోనుండి చూచుచు కూర్చుండి, ఊరు సమీపించినప్పుడు అడిగెను: "అయ్యగారూ, మీరు ఆ ప్రసంగం చేసిన సంఘం ఇంకా ఉన్నదా?"

ఉన్నదంటిని.